పేరు అడగని కట్టు

కృపానందం పేరు అడగకుండా ఎవరికీ పిండికట్టు కట్టడు. వరంగల్ దవాఖానలో ఇరవై రెండేళ్లుగా అతనికదే అలవాటు. చెయ్యి విరిగి వచ్చినవాడు గోడలదిరేలా మొత్తుకుంటున్నా సరే, తడిపిన పట్టీ పట్టుకుని నిలబడి "ముందుగాల పేరు జెప్పు బిడ్డా" అంటాడు. పేరు చెప్పేటప్పుడు ఎంతటివాడైనా ఒక్క క్షణం నొప్పి మరిచిపోతాడని అతని నమ్మకం. కట్టు ఆరాక, తడిస్తే ఊదారంగు దిగే కాపీయింగ్ పెన్సిల్ నాలుకకు అద్దుకుని దానిమీద పేరు, కట్టిన తేదీ, విప్పాల్సిన తేదీ రాస్తాడు. ఆ ఊదారంగు అతని నాలుక మీద ఆదివారం నాడు కూడా వదలదు. చర్చిలో నోరు తెరిచి పాడుతుంటే పక్కనున్న భార్య రూతు మోచేత్తో పొడుస్తుంది.

అలాంటి మనిషి ఎనభై ఒకటి ఏప్రిల్‌లో, ములుగు అడవిలో ఇప్పలవాగు గట్టున, మంచమంత పొడుగు తొడబొక్క ముందు గొంతుక్కూర్చుని, పేరు ఎవరిని అడగాలో తెలియక బిక్కమొహం వేశాడు.

"నా లెక్కలో ఇది పదిహేడో బొక్క, పదిహేడు అని రాయండి కృపానందం గారూ" అన్నాడు రాజేశ్వర్ రావు సారు, నవ్వుతూ.

హైదరాబాదు నుంచి వచ్చిన రాళ్ల చదువుల ఆఫీసరు ఆయన. వాగు గట్టులో మాంసం తినే రాక్షసబల్లి ఒకటి రాయిగా మారి పడి ఉందని కిందటేడే కనిపెట్టాడు. పైకి రాయే గాని, మట్టిలోంచి తీసి నాలుగు రోజులు ఎండ తగలనిస్తే పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది. కిందటేడు తీసిన రెండు బొక్కలు లారీలో పిండి పిండి అయ్యాయట. బొక్కకు కట్టు కట్టడం తెలిసిన మనిషి కావాలని ఈసారి ఆయన దవాఖానకే వచ్చి, అడిగి, కృపానందాన్ని వారం రోజుల సెలవు మీద పట్టుకొచ్చాడు.

రహస్యమేమిటంటే, కృపానందాన్ని ఇక్కడ కట్టిపడేసింది ఆ 'గారు' అన్న మాట. అందరి పేర్లూ అడిగే మనిషికి దవాఖానలో పేరే లేదు. మీసాలు రాని డాక్టర్లు కూడా "ఏయ్ కట్టూ, ఇటు రా" అంటారు. ఇక్కడ సారు పక్కన కుర్చీ వేయించాడు, తన ఫ్లాస్కులోంచి చాయ పోస్తున్నాడు. మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన అక్కర్లేదు, ఒక్క మర్యాద మాట చాలు.

అతను పదిహేడు అని రాయడానికి ఒప్పుకున్నాడు. కాని పద్ధతి మాత్రం మార్చుకోలేదు. బొక్క చుట్టూ మట్టి తీయించాడు, తడి పేపరు అతికించాడు, గోనెపట్టీలు పిండినీళ్లలో ముంచి, పిండి, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస చుట్టాడు. పిండి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. దవాఖానలో ఆ వేడికి జనం జడుసుకుంటారు. అలవాటు ఊరుకోక ఆ రాతిబొక్కతోనే అన్నాడు, "జర వేడైతది. భయపడకు, కదలకు." పార పట్టుకున్న కట్టయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనిది యాకమ్మ ఒక్కతే.

యాకమ్మ ఆ వాగవతల గూడెం మనిషి. తునికాకు కోతకు పోకుండా ఈ పనికి వచ్చింది. తవ్విన మట్టిని నీళ్లలో గాలించి, మిగిలిన గులకను చాటలో పోసి చెరుగుతుంది. చాట ఒక్క విసురు విసిరితే రాయి ఒక పక్కకు, బొక్కముక్క ఒక పక్కకు చేరతాయి. అనుమానమొస్తే ముక్కను నాలుకకు తాకిస్తుంది. బొక్కయితే నాలుకను పట్టుకుంటుంది, రాయి జారుతుంది. ఈ సంగతి కాలేజీ పిల్లలకు రెండో ఏడులో చెప్తామని సారు ఆశ్చర్యపోయాడు. చెప్పేదానికేముంది సారూ, ఉప్పురాయికి, ఉత్తరాయికి తేడా తెల్వదా అని ఆమె తన పని తాను చూసుకుంది. చాటలో గోటి ముక్కలు, పంటి ముక్కలు రోజుకు ఎన్నో తేలేవి. సారు వాటిని దూదిలో పెట్టుకునేవాడు.

ఆమె పక్కన మట్టిలో ఆడుకునే నాలుగేళ్ల పిల్ల ఆమె మనుమరాలు పెంటమ్మ. పెంటమ్మకు ముందు పుట్టిన ఇద్దరు ఉయ్యాల్లోనే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని పుట్టగానే పెంట మీద పెట్టి, చాటలో ఎత్తుకొచ్చి, ఆ పేరు పెట్టుకున్నారు. ఆ చాటే ఈ చాట. అదే ఏడు వానలకు గట్టు కూలితే యాకమ్మకు వేలెడంత నల్లటిది ఒకటి దొరికింది. పులిగోరనుకుని, తాడు చుట్టి పిల్ల మెడలో కట్టింది. కట్టినప్పటినుంచి పిల్లకు దడుపు జ్వరం మళ్లీ రాలేదు. పిల్ల దాన్ని మెడలో కంటే నోట్లో ఎక్కువసేపు ఉంచుకుంటుంది.

మర్నాడు తవ్వకంలో కొడవలిలా వంగిన గోరు ఒకటి, చెక్కు చెదరకుండా దొరికింది. అందరూ మూగారు. యాకమ్మ దాన్ని చూసింది, మనుమరాలి మెడలోది చూసింది. "అయితే మనది గోరు గాదు, పన్ను" అంది తనలో తాను. మెడలోని పంటి అంచు మీద వేలు పెట్టి, కొడవలి కక్కులు ఇట్లనే ఉంటయని కృపానందానికి చూపించింది. పోయినేడు ఆమె బిడ్డ చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే దవాఖానలో కట్టింది కృపానందమే. అతనికి గుర్తు లేదు గాని ఆమెకు ఉంది. అందుకే సారును సారూ అంటుంది, మేస్త్రీని మేస్త్రీ అంటుంది, ఇతన్ని మాత్రం వచ్చిన మొదటిరోజునుంచీ అన్నా అంటుంది. పొద్దున వచ్చేటప్పుడు మోదుగాకులో ఇన్ని తునికిపండ్లు కట్టి తెచ్చి అతని పిండిడబ్బా పక్కన పెట్టిపోతుంది.

మూడోనాడు దవడ బయటపడింది.

సారు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మూరెడు దవడ, వరసగా ఎనిమిది పండ్లు, అన్నీ వెనక్కి వంగినవి. మధ్యలో ఒక్కచోట పన్ను చిగురు దగ్గరికి విరిగిపోయి, మొదలు మాత్రం మిగిలింది. కృపానందం బ్రష్షుతో మట్టి దులిపి ఆ విరిగిన చోటు చూశాడు. ఏటవాలుగా, ఒక పక్క చిన్న ముల్లు లేచి ఉంది. ఇలాంటి విరుపులు చూసీ చూసీ అతని కళ్లు అరిగిపోయాయి. ఇద్దరూ ఒకేసారి తల తిప్పి చాట దగ్గరున్న పిల్ల మెడ చూశారు.

నేనడిగితే ఆఫీసరన్న భయంతో దాచేస్తుంది, మీరడిగితే ఇస్తుంది, ఒక్కసారి అతికించి చూద్దామని సారు బతిమాలినట్టే అన్నాడు. కృపానందం పోయి యాకమ్మ ముందు కూర్చున్నాడు. సంగతి చెప్పాడు. ఆమె చాట ఆగిపోయింది. మెడలోంచి తీస్తే పొల్లకు మంచిది కాదని, ఒక్కపూట కూడా తీయలేదని మెల్లగా అంది.

"పొద్దుగూకక ముందే నీ పన్ను దాని మెడలుంటది. ఇది నా మాట" అన్నాడు కృపానందం.

యాకమ్మ అతని మొహం చూసింది. "ఇరిగిన బొక్కలు అతికిచ్చేటోనివి నువ్వు. నీ మాట నమ్మకుంటే ఎవరిది నమ్మాలె అన్నా?" అని, తాడు ముడి తన పండ్లతోనే విప్పి ఇచ్చింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది.

పన్ను దవడకు ఆనించగానే ముల్లు పోయి గాడిలో కూర్చుంది. టిక్కుమని ఒక చిన్న చప్పుడైంది. కృపానందం చేతుల మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇన్నేళ్లలో ఎన్నో ఎముకలు సరిచేశాడు గాని, ఇంత నిఖార్సుగా ఏదీ అతకలేదు. విరిగినది మళ్లీ తన చోటికి చేరడమంటే అతనికి ప్రార్థనతో సమానం. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి సారు గొంతు తగ్గించాడు. ఇప్పుడు దీన్ని తీసేస్తే మనం మళ్లీ విరగ్గొట్టినట్టే కదా అన్నాడు. మీరు డాక్టరు లాంటివారు, మీరే చెప్పండి అన్నాడు. ఆమెకు కావాల్సింది మెడలో వేలాడేది ఒకటి, అది ఏదైతే ఏం, నమ్మకమే కదా పని చేసేది అన్నాడు. పిండితో అచ్చం ఇలాంటిది చెయ్యగలిగితే అది ఇచ్చేద్దాం, ఆమెకూ నష్టం లేదు, దేశానికీ నష్టం లేదు.

కృపానందం వెంటనే ఒప్పుకోలేదు. అలాగని కాదనీ అనలేదు. 'డాక్టరు లాంటివారు' అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. తాయెత్తులు, తాళ్లు కట్టుకోవడం దేవుణ్ణి నమ్మకపోవడమేనని వాళ్ల చర్చి అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు? ఆ లెక్కన పిల్ల మెడలో ఏదుంటే ఏం? తప్పు చేసేవాడికి వాక్యం ఎప్పుడూ చేతికందుతుంది.

పని మొదలుపెట్టాక ఆ ఆలోచన కూడా పోయింది. పంటికి ఆముదం రాసి, పిండిలో సగం అదిమి ఒక అచ్చు, పైసగం ఒక అచ్చు తీశాడు. రెండూ కలిపి కట్టి, పలచగా పిండి పోసి, లోపల గాలి నిలవకుండా వేలితో కొట్టాడు. ఆరాక తీస్తే కక్కులతో సహా దిగింది. చాయ డికాక్షన్‌లో ముంచి, కట్టెబొగ్గు, ఎర్రమట్టి పట్టించి, కొవ్వొత్తి మైనంతో రుద్దాడు. తన చేతులను తానే మెచ్చుకున్నాడు. సారు రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో నాకే తెలియడం లేదు కృపానందం గారూ అన్నాడు.

పొద్దుగూకక ముందే, మాటిచ్చిన వేళకే, అతను యాకమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తిప్పి కూడా చూడలేదు. చీరకొంగుతో తుడిచి పిల్ల మెడలో కట్టింది. అలా చూడకుండా కట్టడమే అతనికి గుచ్చుకుంది. చూసి, పట్టుకుని, నాలుగు తిడితే బాగుండునని అప్పుడే అనిపించింది. పిల్ల ఏడుపు మానేసి దాన్ని నోట్లో పెట్టుకుంది. పిల్ల నోటి సంగతి అతను ఆలోచించనే లేదు.

సారు అసలు పంటిని దవడకు లక్కజిగురుతో అంటించాడు. దవడకు కట్టు కడుతున్నప్పుడు కృపానందం దానికి వేడైతదని చెప్పలేదు. ఆరాక ఇరవై మూడు అని అంకె వేశాడు.

నాలుగోరోజంతా సర్దుడుతోనే సరిపోయింది. గోళ్లు, పంటిముక్కలు సిగరెట్ డబ్బాల్లోకి, కట్టు కట్టిన బొక్కలు గడ్డి పరిచిన లారీలోకి. యాకమ్మ కనబడ్డప్పుడల్లా అతను పిండిడబ్బా మూత సరిచేసుకున్నాడు. ఆమె తెచ్చిన తునికిపండ్లు డబ్బా పక్కన అలాగే ఉండిపోయాయి. తిందామని ఒకటి తీసి మళ్లీ పెట్టేశాడు.

ఐదోనాడు పొద్దున లారీ బయల్దేరబోతుండగా వాగు ఇసుకలో ఎవరో పరుగెత్తి వస్తున్నారు. యాకమ్మ. చంకలో పిల్ల. కొప్పు ఊడిపోయింది. నేరుగా కృపానందం దగ్గరికి వచ్చి గుప్పిట తెరిచింది. తాడుకు సగం పన్ను ఉంది. కొన లేదు.

"రాత్రంత నోట్లె పెట్టుకునే పండుకుంది అన్నా. లేసి జూస్తే ఇరిగింది" అంది, రొప్పుతూ. "దానికచ్చే గండం ఇది మీదేసుకున్నట్టుంది. ఇంకొకటొస్తే ఆపేది లేకపాయె. నీకు దండం పెడ్త, దీనికి జర కట్టు కట్టు. గంతంత బొక్కలకు కడ్తివి, గింత పన్నుకు కట్టరాదా?"

ఆమె ఏమీ అనుమానించలేదు. విరిగిన చోట తెల్లగా, సున్నంలా ఉన్నా ఆమెకు తట్టలేదు. కృపానందం ముందు పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాడు. పెదాల చుట్టూ తెల్లటి చార, అంతే. పిల్ల అతని వేలు కొరికింది.

కృపానందం డబ్బాలోంచి కట్లు కోసే చేతిరంపం తీసుకుని లారీ ఎక్కాడు. గడ్డి జరిపి ఇరవై మూడో కట్టును ఒళ్లోకి తీసుకున్నాడు. ముందు సీటులోంచి సారు దిగి వచ్చాడు.

"కృపానందం గారూ, ఏం చేస్తున్నారు?"

"కిటికీ కోస్తాన సార్. కట్టు లోపల పుండు పడ్డదని తెలిస్తే ఆడికాడికి కోస్తం. కోయకుంటే మనిషే పోతడు."

సారుకు అర్థమైంది. మొహం ఎర్రబడింది. అది ఆమెది కాదు, దేశం సొత్తు అన్నాడు. ఒక ముసలామె మూఢనమ్మకం కోసం ఇంత పని పాడుచేస్తావా అన్నాడు. గారు పోయింది, నువ్వు వచ్చింది. కృపానందం ఆ తేడా విన్నాడు గాని రంపం ఆపలేదు. ఎముకకు తగలకుండా పిండిని మాత్రమే కోయడం అతని చేతికి తెలుసు. నాలుగు వేళ్లంత కిటికీ తీశాడు. స్పిరిటులో ముంచిన దూది జిగురు మీద అదిమి పట్టుకుని, మనసులో వంద లెక్కపెట్టి, పంటిని కదిలించాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. అతికినప్పటి చప్పుడే ఊడేటప్పుడూ అయింది. అది అతను బతికున్నన్నాళ్లూ మరిచిపోడు.

"అడిగి తెచ్చింది నేను సార్" అన్నాడు తలెత్తకుండా. "మాట నాది. దేశానిది గాదు."

కిందికి దిగి యాకమ్మ ముందు నిలబడ్డాడు. తల వంచుకునే చెప్పాడు, "ఇది నీది. మొన్న నేనిచ్చింది పిండితోని చేసింది. చేసింది గుడ నేనే."

యాకమ్మకు వెంటనే అర్థం కాలేదు. రెంటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుంది. విరిగినదాన్ని నాలుకకు తాకించింది. విరిగిన చోటు సున్నంలా నాలుకను పట్టుకుంది. రెండోదాన్ని తాకించింది. చల్లగా జారింది, నున్నటి పన్ను జారినట్టే. అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. బజారులో ఎదురైన కొత్త మనిషిని ఎవరో ఏమో అనుకుంటూ చూసినట్టు చూసింది.

"అడిగితే ఇద్దునో, ఇయ్యకపోదునో" అంది. "అడగకపోతిరి."

తాడు విప్పి పన్ను కట్టింది. పిల్ల మెడలో వేసింది. పిండిముక్కను జాగ్రత్తగా అతని చేతిలో పెట్టింది. పోబోతూ ఆగి, పిల్ల పొట్ట నిమురుతూ అడిగింది.

"పిండి లోపలికి పోయినట్టుంది. పొల్లకు ఏం గాదు గద సారూ?"

ఏం కాదని చెప్పాడు కృపానందం. సున్నం లాంటిదేనని, దొడ్డికి పోతుందని, నీళ్లు బాగా తాగించమని వివరంగా చెప్పాడు. ఆమె తలూపుతూ విన్నది, దవాఖాన మనిషి చెప్పింది విన్నట్టుగానే. ఆ సారూ అన్న పిలుపు కోసం ఇరవై రెండేళ్లు ఎదురుచూశాడు. వచ్చినప్పుడు చెంప మీద కొట్టినట్టు వచ్చింది.

ఇంకా ఒక పని మిగిలింది. కిటికీ తెరిచి వదిలేస్తే దవడ విరుగుతుంది. అతను మళ్లీ లారీ ఎక్కి, ఆమె తిరిగిచ్చిన పిండిపంటి ముక్కను దవడ గాడిలో ఆనించి దూది పెట్టాడు. ఇన్ని నీళ్లలో పిండి కలిపి పట్టీ వేశాడు. యాకమ్మ అప్పటికి ఇసుకలో నాలుగడుగులు వేసింది. ఆమె భుజం మీంచి పిల్ల ఇటే చూస్తోంది, పన్ను నోట్లో పెట్టుకుని.

"పేరు జెప్పు బిడ్డా" అన్నాడు కృపానందం. అతనికి తెలియని పేరు కాదు.

పిల్ల నోరు తెరవబోయింది. యాకమ్మ దాని తలను మెల్లగా తన భుజంలోకి అదుముకుని నడిచిపోయింది.

సారు కిందనే నిలబడి ఉన్నాడు. కోపం చల్లారింది. లోపల ఏముందో కట్టు మీద అదే రాయమన్నాడు. అబద్ధం రాస్తే రేపు విప్పేవాళ్లు మనిద్దరినీ తిడతారు అన్నాడు. కృపానందం పెన్సిల్ నాలుకకు అద్దుకున్నాడు. పిండి ఇంకా తడిగానే ఉంది, అక్షరాలు ఊదారంగు చిమ్ముకుంటూ పాకాయి. ఇరవై మూడు. ఐదో పన్ను నకలు. అసలుది ఇప్పలవాగు యాకమ్మది. తేదీ వేశాడు. విప్పాల్సిన తేదీ తనకు తెలియదు, వదిలేశాడు. ఇంకా కొంత జాగా మిగిలింది. దాని కింద నకలు చేసినవాడు కృపానందం అని రాశాడు. ఇన్నేళ్లలో ఒక కట్టు మీద తన పేరు రాసుకోవడం అతనికి అదే మొదలు.

లారీ కదిలింది. ముందు సీటులో సారు పక్కన జాగా ఉన్నా అతన్ని ఎవరూ పిలవలేదు, అతనూ పోలేదు. గడ్డిలో కూర్చుని కట్టు మీద అరచెయ్యి పెట్టాడు. పిండి వేడెక్కుతోంది. ములుగు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు.